బయట మైనస్ నలభై

మా బావ ఒళ్ళంతా చెమటతో తడిసిపోతున్నా సరే, గోడ మీద మీటరు చలిగా ఉందంటే ఆయనకి చలే. ఎగతాళికి అంటున్నాననుకోకండి. ఎగతాళే చెయ్యదలిస్తే ఇంతకన్నా మంచివి నా దగ్గర బోలెడున్నాయి. మరదలిని కదా, ఆ హక్కు మా అక్క పెళ్ళినాడే నాకు దఖలు పడింది. ఇది మాత్రం అచ్చంగా నిజం. ఒకసారి నా ఒళ్ళు కాలిపోతూ, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే, నా నోట్లో థర్మామీటరు పెట్టి, తీసి, కిటికీ వెలుగులో అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "నీకు జ్వరం లేదు, లేచి పని చూసుకో" అన్నాడు. ఆ థర్మామీటరు చెడిపోయిందని మర్నాడు తేలింది. "అయితే జ్వరం ఇవాళ మొదలైందన్నమాట" అన్నాడే తప్ప నిన్న ఉందని చచ్చినా ఒప్పుకోలేదు.

పూర్తిగా ఆయన తప్పూ కాదులెండి, ఉద్యోగం అలాంటిది. ఊరి చివర కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. పొడవాటి నడవ, రెండు పక్కలా మందపాటి ఇనుప తలుపులు, ప్రతి తలుపు పైనా చిన్న పెట్టె, పెట్టెలో ఎర్రటి అంకె. ఆ నడవలో నడుస్తూ అంకె చూడటం, పలక మీద రాయడం, పక్క తలుపు దగ్గరికి జరగడం, ఇదీ బావ పని. తలుపు మాత్రం తియ్యకూడదు. తీస్తే చలి బయటికి పోతుంది. లోపల చేపలున్నాయో, బఠాణీలున్నాయో, మనిషెవడైనా బిగుసుకుపోయి ఉన్నాడో ఆయనకి అనవసరం. అంకె సరిగ్గా ఉంటే లోపలంతా సరిగ్గా ఉన్నట్టే. అంకె తేడాగా ఉంటే ఆ తలుపుకి 'వాడరాదు' అని రాసిన ఎర్ర బిళ్ళ తగిలిస్తాడు. అంకె దారికొచ్చేదాకా ఆ గదిలోకి చీమని కూడా పోనివ్వడు. అక్కడ బస్తాలు మోసేవాళ్ళు ఆయన చాటున 'మైనస్ గారు' అనుకుంటారు. ఆయన వినే ఉంటాడు. విని సంతోషించి కూడా ఉంటాడు.

ఆయనకి ఇంకో గుణం ఉంది. అంకె తను చదివితేనే అంకె. వేరేవాళ్ళు చదివితే అది పుకారు. "నేను చూసి చెప్తాను కదా బావా" అంటే, "నువ్వు గుండ్రం చేస్తావమ్మా. ముప్పై ఏడున్నరని ముప్పై ఎనిమిది అంటావు. లోకం ఇలా పాడైంది ఆ అరతోనే" అంటాడు. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. అర అంగుళం తేడా వస్తే ప్యాంటు తొడుక్కున్నవాడు ఊపిరాడక నన్ను తిడతాడు. నాకు చెప్తాడు అర గురించి! ఒళ్ళు మండదూ?

నేను వాళ్ళ ఇంటి పై వాటాలో ఉంటాను. మెట్లు దిగితే వాళ్ళ వంటిల్లు. కిటికీ తీస్తే వాళ్ళ కారు. ఆ కారు సంగతి చెప్పాలి. బూడిద రంగుది, కొత్తదేం కాదు, అయినా బావ దాన్ని చంటిపిల్లలా చూసుకుంటాడు. దాని స్టీరింగు మీద ఆయన చెయ్యి తప్ప వేరే చెయ్యి పడలేదు. మా అక్కకి లైసెన్సు లేదా అంటే ఉంది. వాళ్ళమ్మాయి హాస్టల్‌కి వెళ్ళాక, ఇంట్లో ఏమీ తోచక, డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి నేర్చుకుని, పరీక్ష మొదటిసారే పాసైంది. ఆ లైసెన్సు బీరువాలో బట్టల కింద పడుకుని ఉంది. అక్క ఎప్పుడు తాళం అడిగినా బావ ఒకటే పాట.

"నీకు అనుభవం లేదు కదే. అనుభవం రానీ, ఇస్తాను."

"ఇవ్వకుండా అనుభవం ఎక్కణ్ణించి వస్తుందండీ? ఆకాశంలోంచి ఊడిపడుతుందా?"

"అదే నేనూ చెప్తున్నా. తొందరపడితే ఎలా?"

ఈ మాటకి జవాబు ఎవరైనా చెప్పగలిగితే వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెడతాను. అక్క మాత్రం తల కొట్టుకుని లోపలికి పోయేది.

అసలు కథ ఒక మండుటెండ మధ్యాహ్నం మొదలైంది. నన్ను గుడ్డల కొట్టు దగ్గర దింపుతానని బావ కారెక్కించుకున్నాడు. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. ఉన్నట్టుండి కారు టింగుమంది. ముందు అద్దాల కింద, బయట ఎంత వేడిగా ఉందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది కదా, అది మైనస్ నలభై అయి కూర్చుంది. పక్కన నారింజ రంగులో మంచు పువ్వు బొమ్మ వెలిగింది. 'రోడ్డు మీద మంచు ఉండవచ్చు, జాగ్రత్తగా నడపండి' అని దాని అర్థమట. మా బావ ఏం చేశాడో తెలుసా? వేగం తగ్గించాడు!

"బావా, ఎందుకు తగ్గించావు?"

"జారుతుందేమోనమ్మా."

"ఏం జారుతుంది? నా చెమటా?"

వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి వేసి తియ్యలేదు. ఆటోవాడు పక్కకి వచ్చి తొంగిచూసి, మా ఇద్దరికీ ఏమైందోనని జాలిపడి వెళ్ళిపోయాడు. మేము నత్తనడకన పోతుంటే ఏసీ కూడా చల్లగాలి మానేసి, పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడిగాలి కొట్టడం మొదలెట్టింది. కొట్టు దగ్గర దిగేసరికి నేను ఉడికిపోయాను. బావ చెమట తుడుచుకుంటూ, "అంకె అబద్ధం చెప్పదమ్మా. మనమే దాని మాట సరిగ్గా అర్థం చేసుకోవాలి" అన్నాడు.

ఆ వారమే అక్కకి ఫోన్ వచ్చింది. పెళ్ళికి ముందు అక్క ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. పిల్ల పుట్టాక మానేసింది. ఇప్పుడు వంతెన అవతల కొత్త ఆసుపత్రి ల్యాబులో ఒక చోటు ఖాళీ అయిందట, పాత స్నేహితురాలు పేరు చెప్పిందట, వాళ్ళు పిలిచి మాట్లాడి సరేనన్నారు. సోమవారం మధ్యాహ్నంలోగా వచ్చి సంతకం పెట్టాలి, లేకపోతే తర్వాతి మనిషికి ఇచ్చేస్తారు. డ్యూటీ తెల్లవారుజామునే మొదలవుతుంది, కొన్ని రోజులు రాత్రిదాకా సాగుతుంది. అటువైపు బస్సు తెల్లారాక కానీ కదలదు. కాబట్టి కారు కావాలి. బావకి వాళ్ళ కంపెనీ వ్యాను సందు మొదట్లోకే వస్తుంది, ఎక్కడానికి ఆయనకి నామోషీ, అంతే.

అక్క ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, భోజనం వడ్డించి, మంచినీళ్ళు పెట్టి, అప్పుడు అడిగింది. బావ కాదనలేదు. కాదని ఉంటే పోట్లాడి సాధించేదేమో. "బండి బాగవ్వనీ. ఇంత ఎండల్లో ఏసీ లేని బండిలో పెళ్ళాన్ని పంపితే లోకం ఏమంటుంది?" అన్నాడు.

"లోకం అంత పొద్దున్నే నిద్ర లేవదు బావా" అన్నాను నేను. నా మాట ఎవరికి కావాలి?

మర్నాడు స్టోరేజీ నించి ఒక ఎర్ర బిళ్ళ తెచ్చి కారు స్టీరింగుకి కట్టేశాడు. 'వాడరాదు.' అంకె సరయ్యేదాకా ఆ బండి గడప దాటకూడదని శాసనం. తను వ్యానులోనే వెళ్ళడం మొదలుపెట్టాడు. నామోషీ ఎటు పోయిందో మరి. నియమం అన్నాక నామోషీ కూడా పక్కకి తప్పుకుంటుంది కాబోలు.

మొదట ఏసీ గ్యాసువాణ్ణి పిలిచాడు. వాడు గొట్టాలు తగిలించి, గ్యాసు నింపి, చేతులు దులుపుకుని పోయాడు. వేడిగాలి వేడిగాలే. తర్వాత వచ్చినవాడు మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియను. అందరూ వాణ్ణి ఫ్యూజు అంటారు. ఇట్టే ఎగిరిపోతాడు కాబట్టి. వాడు ఏదో చిన్న పెట్టె తెచ్చి స్టీరింగు కింద గుచ్చి చూసి, "బయట గాలి వేడి కొలిచే సెన్సర్ సార్. బంపరు వెనక ఉంటుంది, చిక్కుడు గింజంత. అది చచ్చింది. బయట గడ్డ కడుతోందనుకుని బండి ఏసీని ఆన్ కానివ్వట్లేదు. కొత్తది వేస్తే సరి" అన్నాడు.

మా బావకి సెన్సర్ అనే మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి కారు తన భాషలో మాట్లాడింది. "ఆగాగు. చచ్చిందని నువ్వెలా చెప్తావు? పరీక్ష చెయ్యాలి" అని, గ్లాసు నిండా ఐసు ముక్కలు, నీళ్ళు పోయించి, బంపరు కింద పడుకుని, ఆ చిక్కుడు గింజని దాని వైరుతో సహా గ్లాసులో ముంచాడు. స్టోరేజీలో అలాగే చేస్తారట. ఐసు నీళ్ళలో ముంచితే సున్నా చూపించాలి. అక్కని గ్లాసు పట్టుకోమని, తను పరుగున లోపలికి వెళ్ళి అంకె చూశాడు. మైనస్ నలభై. "ఐసు కరిగిందా?" అని అరిచాడు. "లేదండీ" అంది అక్క, చెయ్యి కొంకర్లు పోతుండగా. మళ్ళీ చూశాడు. మైనస్ నలభై. అప్పుడు ఒప్పుకున్నాడు, చచ్చిందని.

కొత్త గింజ తెచ్చారు. దాన్నీ ఐసు గ్లాసులో ముంచారు. మైనస్ నలభై. "ఇదీ చచ్చే పుట్టింది" అన్నాడు బావ. ఫ్యూజు మొహం కందగడ్డలా అయింది. ఇంకోటి తెస్తానన్నాడు. నాకు నవ్వు ఆగలేదు కానీ, అక్క మొహం చూసి మింగేశాను. అక్కకి నవ్వెక్కడిది? ఆమె వేళ్ళ మీద సోమవారం లెక్కపెడుతోంది.

ఫ్యూజుకి పౌరుషం వచ్చి, బంపరు ఊడదీసి, కిందకి దూరి, టార్చి వేసి చూశాడు. కింద నించే ఒక కేక. "సార్! గింజది కాదు తప్పు. దీనికి తగిలించే ప్లగ్గులోంచి ఒక వైరు ఊడొచ్చింది. క్లిప్పు పగిలింది. వైరు ఊడితే కంప్యూటరుకి కబురు అందదు. కబురు అందకపోతే అది అన్నిటికన్నా కింద అంకె వేసి కూర్చుంటుంది. ఎక్కడో బండికి గట్టిగా ముద్దు పెట్టించారు సార్."

"నా బండికా? దెబ్బా? అసంభవం" అన్నాడు బావ. "ఈ చేతుల్లో ఈ బండికి గీత కూడా పడలేదు."

అక్క వంగి, ఊడదీసిన బంపరు కింది అంచుని చూసింది. అక్కడ పసుపుపచ్చ పెయింటు గీరుకుని ఉంది. కోల్డ్ స్టోరేజీలో లారీలు ఆనించే అరుగు అంచుకి అదే పసుపు కొట్టి ఉంటుంది. అక్క గోటితో కొంచెం గీకి, గోరు చూసుకుంది. బావ వైపు చూసింది. ఆ చూపు నాకైతే చెంపదెబ్బలా తగిలింది. బావ మాత్రం ఆకాశంలోకి చూస్తూ, "ఎండ ఎక్కువైంది" అన్నాడు.

ఫ్యూజు ఆ వైరుని చక్కగా అతికి, టేపు చుట్టి, పాత గింజనే తగిలించి, తాళం తిప్పాడు. అందరం తలలు దూర్చి చూశాం. మైనస్ నలభై.

"చూశావా!" అన్నాడు బావ. ఆ గొంతులో బాధ ఉండాల్సిన చోట ఏదో తృప్తి ఉంది. నా చెవులు మోసపోవు.

"సరిగ్గానే అతికాను సార్. కాసేపు ఉంచండి."

"ఏం ఉంచేది? అంకె మారలేదంటే అతుకు తప్పు. పీకెయ్."

"పీకను."

"నేనే పీకుతాను." నిజంగానే పడుకుని పీకేశాడు. ఫ్యూజు సామాన్లు సంచిలో విసిరికొట్టి, "మీ బండి, మీ అంకె, మీ ఇష్టం" అని స్కూటరెక్కి పోయాడు. అది శనివారం సాయంత్రం. ఆదివారం బావ తనే మళ్ళీ అతికాడు, తాళం తిప్పాడు, చూశాడు, పీకాడు. మధ్యాహ్నం మళ్ళీ అదే. ఆ వైరు నోరుంటే ఏడ్చేది.

ఆ సాయంత్రం నేను కిందకి వెళ్ళేసరికి అక్క వంటింట్లో స్టవ్ తుడిచిన చోటే తుడుస్తోంది.

"ఫోన్ చేసి రానని చెప్పేస్తానే" అంది. "వేరేవాళ్ళ బతుకులో మన్ను పొయ్యడం ఎందుకు, వాళ్ళైనా చేరతారు."

"నీకు బుద్ధుందా? నీకు ఆ ఉద్యోగం అక్కర్లేదూ?"

"కావాలే. నాకు చాలా కావాలి." తుడిచే గుడ్డ గట్టు మీద పడేసింది. "ఆ సీసాలు, ఆ వాసన, పొద్దున్నే తెల్ల కోటు వేసుకోవడం. నా పేరు రాసిన చోట నేను నిలబడి పదిహేడేళ్ళయింది. ఆయన వద్దంటే ఒక గోలతో పోయేది. వద్దనరు. బాగవ్వనీ అంటారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముందుగదిలోకి వెళ్ళి బావ ముందు నిలబడ్డాను. నోటికొచ్చినవన్నీ అన్నాను, ఇక్కడ రాయలేనివి కూడా. ఆయన పేపరు మడిచి, శాంతంగా, "ఎందుకమ్మా గొంతు చించుకుంటావు? నేనేమన్నా కాదన్నానా? ఆ అంకె సరయిన మరుక్షణం తాళం మీ అక్క చేతిలో పెడతాను. నువ్వే సాక్షి" అన్నాడు. అంత ధైర్యంగా ఎలా అన్నాడంటే, ఆ అంకె ఇక ఈ జన్మలో మారదని ఆయనకి గట్టి నమ్మకం.

సోమవారం పొద్దున్నే నేను ఫ్యూజు కొట్టుకి వెళ్ళాను. వాడు షట్టరు తీస్తున్నాడు. "ఏం అతుకయ్యా అది, ఒక్క అంకె మార్చలేకపోయావు" అని మొదలెట్టాను, తిట్టి పని చేయించుకుందామని.

"అక్కా, అతికాక ఆయన బండి నడిపాడా?"

"ఎలా నడుపుతాడు? అంకె సరయ్యేదాకా నడపకూడదని బిళ్ళ కట్టాడుగా."

ఫ్యూజు షట్టరు వదిలేసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఓరి దేవుడా! నడిపితేనే కదా అంకె సరయ్యేది! బండి నిలబడి ఉంటే ఆ గింజకి ఇంజను వేడి తగులుతుంది. దాన్ని చూసి బయట వేడని పొరబడకుండా, బండి కదిలితే తప్ప కంప్యూటరు అంకెని పైకి ఎక్కనివ్వదు. గాలి తగలాలి దానికి. నాకూ అప్పుడు తట్టలేదక్కా, నిన్న ఇంకో బండితో తలబద్దలు కొట్టుకున్నాక గుర్తొచ్చింది. కొత్త సెన్సర్ అనవసరంగా అంటగట్టాను, ఆ పాపం నాదే."

నడిస్తే కానీ సరవదు, సరయితే కానీ నడవనివ్వడు. నాకు అక్కడే రోడ్డు మీద నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇలాంటి తిరకాసు మా ఇంట్లో నేను వినడం ఇది మొదటిసారి కాదు కదా. వాణ్ణి స్కూటరుతో సహా లాక్కొచ్చాను. బావ సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు, బండి బాగుచెయ్యడానికని. వాడు మాట్లాడకుండా కిందికి దూరి, వైరు అతికి, బిగించి, "ఇక మీరూ మీరూ చూసుకోండి, మీ బండి నేను నడపను, మీ మాట నేను పడను" అని వెళ్ళిపోయాడు.

నేను విషయం చెప్పాను. బావ అడ్డంగా తల ఊపాడు. "అంకె తప్పుగా ఉన్న గదిని వాడకంలో పెట్టకూడదు. అది నియమం."

అప్పుడు అక్క వంటింట్లోంచి వచ్చింది. బయటికి వెళ్ళే బట్టలు వేసుకుని ఉంది, భుజానికి సంచి. "ఏమండీ, మీ స్టోరేజీలో గది మిషను బాగుచేశాక పరీక్షించరా?"

"ఎందుకు పరీక్షించం? సరుకు పెట్టకుండా ఖాళీగా నడిపి చూస్తాం. పరీక్ష వేరు, వాడకం వేరు."

"ఎలా చూస్తారు?"

బావకి ఇష్టమైన విషయం, కుర్చీలో ముందుకి జరిగాడు. "ఒకడు మిషను నడుపుతాడు. ఒకడు కళ్ళల్లో వత్తులు వేసుకుని అంకె ముందు కూర్చుంటాడు. ఇద్దరుండాలి. నడిపేవాడే అంకె చదివితే రెండు పనులూ పాడవుతాయి."

"మన బండి అంకె ఎవరు చదవాలి?"

"ఎవరేమిటి? నేనే."

"మరి నడిపేది?"

నేను కుట్టుమిషను తప్ప ఏదీ నడపలేనని ఆయనకి తెలుసు. బావ నా వైపు చూశాడు. కిటికీలోంచి వీధిలోకి చూశాడు, అటు పోయే పుణ్యాత్ముడెవరైనా కనిపిస్తాడేమోనని. పక్కింటాయన స్కూటరు తుడుచుకుంటున్నాడు. "అంకె నువ్వు చదివితే..." అని అక్కతో అనబోయి, తనే ఆగిపోయాడు. ఆ ఒక్క పని ఆయన వల్ల కాదు. ఆయన నీళ్ళు నములుతుండగానే అక్క గోడ మేకుకున్న కారు తాళం తీసుకుంది. "పరీక్షే కదండీ" అంది.

ఎర్ర బిళ్ళ బావే విప్పాడు, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని. నేను వెనక ఎక్కాను. అక్క సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది, బండి కుదుపు లేకుండా కదిలింది. బావ కళ్ళు అంకె మీద అతుక్కుపోయాయి. సందు దాటాం. మైనస్ నలభై. మలుపు తిరిగాం. మైనస్ నలభై. "చెప్పానా" అనబోయాడు. పెద్ద రోడ్డెక్కి అక్క వేగం పెంచింది.

"మైనస్ ముప్పై ఎనిమిది!" బావ సీట్లోంచి ఎగిరాడు. "మారింది! మైనస్ ముప్పై అయిదు! ఆపకు, ఆపకు! ఆపితే అక్కడే నిలబడిపోతుంది!"

"ఎదురుగా లారీ ఉందండీ."

"దాటెయ్!"

మా అక్క లారీని దాటేసింది. నేను కళ్ళు మూసుకుని తెరిచేసరికి అది వెనకుంది. బావకి లారీ సంగతే తెలియదు. మైనస్ ఇరవై అంటున్నాడు, మైనస్ పన్నెండు అంటున్నాడు, మొదటిసారి తండ్రయినవాడు కూడా అంత సంబరపడడు. వంతెన ఎక్కాం. వంతెన మీద గాలి కొడుతుంటే సున్నా దాటింది, మంచు పువ్వు ఆరిపోయింది. అవతలి గట్టు దిగుతుండగా టక్కుమని చప్పుడై ఏసీలోంచి చల్లగాలి మొహానికి తగిలింది. "అబ్బ" అన్నాను నేను. అద్దంలో అక్క కళ్ళు మెరుస్తున్నాయి. పదిహేను, ఇరవై రెండు, ఇరవై తొమ్మిది. ఎటు వెళ్తున్నామని బావ అడగనేలేదు. అడిగితే అంకె నించి చూపు తిప్పాలి మరి.

"ముప్పై ఆరు. ముప్పై ఆరు. ఇంకా ముప్పై ఆరే. నిలకడకొచ్చింది!" అని ఆయన తల ఎత్తేసరికి, అక్క ఒక అంబులెన్సుకీ స్తంభానికీ మధ్య ఇరుకు సందులోకి బండిని వెనక్కి నడిపి, ఎక్కడా తగలకుండా పెట్టేసి ఉంది. ఎదురుగా ఆసుపత్రి. ఇంకా మధ్యాహ్నం కాలేదు.

"ఇదేమిటి, ఇక్కడికొచ్చాం?"

"ముప్పై ఆరు అన్నారు కదండీ. మీరే చదివారు."

"అన్నాననుకో. కానీ నిలకడ అంటే... ఇంకో రెండు రౌండ్లు వేసి..."

నేను వెనకనించి నోరు తెరిచాను, సాక్షిని కదా, కడిగేద్దామని. అక్క చేత్తో ఆగమంది. ఇంజను ఆపింది. తాళం గుప్పిట్లో పెట్టుకుని ఆయన వైపు తిరిగి కూర్చుంది. "చెప్పండి. ఇంకేం సరవ్వాలి?"

బావ ఆరిపోయిన అంకె వైపు చూశాడు. అక్కడ చదవడానికి ఏమీ లేదు. "నువ్వు నడపలేవని కాదే" అన్నాడు చివరికి. అంత చిన్న గొంతు ఆయనది నేనెప్పుడూ వినలేదు. "నీకు డ్రైవింగు ఎప్పుడో వచ్చని నాకు తెలుసు. సాయంత్రం నేనొచ్చి బెల్లు కొడితే నువ్వు తలుపు తీస్తావు. నువ్వు తియ్యకపోతే ఎలా ఉంటుందో నాకు తెలీదు. నా దగ్గర మన ఇంటి తాళం చెవి కూడా లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు."

ఆయన్ని ఏడిపించడానికి నా దగ్గర బోలెడున్నాయన్నానే, వాటిలో ఒక్కటీ దొరకలేదు. కోపం పోయిందా అంటే పోలేదు. ఈ ఒక్క మాట ముందే అని ఉంటే ఇన్ని రోజుల ఏడుపు తప్పేది కదా అని ఇంకో కోపం వచ్చింది.

అక్క కూడా కరిగిపోలేదు. సంచిలో చెయ్యి పెట్టి వెతికి, ఇంటి తాళం చెవి తీసి, ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "పాత తాళం కదా, కొంచెం పట్టేస్తుంది. తలుపు మీ వైపు లాక్కుని ఎడమవైపుకి తిప్పాలి" అంది. కారు తాళం సంచిలో వేసుకుని దిగి, బట్టలు సర్దుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

మేమిద్దరం బస్సులో ఇంటికొచ్చాం. దారిలో బావ ఒక్క అంకె కూడా ఎత్తలేదు. వంతెన దాటాక మాత్రం, గుప్పిట తెరిచి చూసుకుని, నన్నడిగాడు. "ముందు లాగాలా, ముందు తిప్పాలా?"

"ముందు లాగు బావా" అన్నాను.